ఇల్లు పిల్లలకే ఇవ్వాలి, సరే: దానపత్రమా, వీలునామానా?

బ్రాడీపేటలో మా బాబాయి ఇంటి వరండాలో కూర్చుని ఉండగా ఇంటిపన్ను నోటీసు వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివాడు, పక్కన పెట్టాడు, మళ్లీ తీసి చూశాడు. అసెస్‌మెంట్ నంబరు పాతదే, పేరు మాత్రం కొడుకుది. "అంటే నేనిప్పుడు వాడింట్లో ఉంటున్నట్టురా" అని నవ్వాడు. దానపత్రం రాసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా తమ్ముడు మంచివాడే. కానీ రెండేళ్లు తిరక్కుండానే వ్యాపారం కోసం ఆ ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టాడు. బాబాయి సంతకం అవసరమే పడలేదు.

అప్పట్నుంచి దానపత్రం, వీలునామా ఈ రెండిట్లో ఏది మేలని ఎవరడిగినా ముందు నేనడిగేది ఒకటే: ఆ ఆస్తి చేతిలో లేకపోయినా మీకు గడుస్తుందా?

దానపత్రం తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. ప్రభుత్వ మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ కట్టాలి. ఒకసారి అయిపోయాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఎన్నిసార్లయినా తిరగరాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ముందుది రిజిస్టరై ఉన్నా సరే, తర్వాత తెల్లకాగితం మీద సక్రమంగా రాసినదే నిలబడుతుంది. ఈ సంగతి చాలామంది నమ్మరు.

మరి దానపత్రానికి బలమే లేదా అంటే, ఉంది. రాసినాయన బతికుండగానే అంతా తేలిపోతుంది. వీలునామా విషయంలో "ఆ రోజు నాన్నకి మతి స్థిమితం లేదు" అని ఎవరో ఒకరు లేస్తారు. అప్పుడు సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. మా బంధువుల్లో ఒక రిటైర్డ్ మాస్టారు తనతో పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే ఇద్దరు స్నేహితుల చేత సాక్షి సంతకాలు పెట్టించారు. ముగ్గురూ ఒక ఈడువాళ్లే. ఆయన కంటే ముందే ఆ ఇద్దరూ పోయారు. ఇక వాళ్ల పాత సంతకాలు వెతికి, చేతిరాత నిరూపించడానికి కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. అందుకే సాక్షులు మీకంటే చిన్నవాళ్లై ఉండాలి, ఆస్తిలో వాటా లేనివాళ్లై ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. మంచాన పడినవాళ్ల ఇంటికే సబ్ రిజిస్ట్రారు వచ్చే వీలుంది.

వయసును బట్టి లెక్క మారుతుంది. ముప్పై అయిదేళ్ల వాడికి దానపత్రం ఊసే అనవసరం. అతను పోల్చుకోవాల్సింది వీలునామా రాయడాన్నీ, ఏమీ రాయకుండా వదిలేయడాన్నీ. పటమటలో లోను మీద ఫ్లాట్ కొన్నవాడు హఠాత్తుగా పోతే అది మొత్తం భార్యకే వస్తుందనుకుంటారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ప్రతి బిడ్డకు, అతని తల్లికి సమాన వాటాలు. తండ్రికి ఏమీ రాదు. పిల్లలు మైనర్లయితే వాళ్ల వాటా అమ్మాలన్నా కోర్టు అనుమతి కావాలి. ఈ టెన్షన్ అంతా ఒక్క కాగితంతో తప్పుతుంది. "నామినీగా పెట్టాం కదా" అనకండి. బ్యాంకు ఖాతాకు నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునేవాళ్లు, అంతే. వారసులు తర్వాత లెక్క అడగొచ్చు.

యాభై దాటాక, కూతురికి పసుపు కుంకుమ కింద స్థలం ఇవ్వాలనుకుంటే దానపత్రమే మంచిది. ఆమె అనుభవిస్తుంటే మీరు చూస్తారు, తండ్రి ఇచ్చినదానికి ఆమెకు ఆదాయపు పన్నూ పడదు. అయితే అమెరికాలో స్థిరపడ్డ పిల్లలకు తెనాలి వైపు పొలం ఇవ్వాలంటే దానం కుదరదు, విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) ఒప్పుకోదు. వారసత్వంగా మాత్రం రావచ్చు కాబట్టి అక్కడ వీలునామానే దారి.

డెబ్బై దాటినవాళ్లు ఉంటున్న ఇల్లు రాసివ్వకూడదనే నా మాట. తప్పదనుకుంటే రెండు వాక్యాలు పట్టుబట్టి రాయించండి: జీవితాంతం ఆ ఇంటిని అనుభవించే హక్కు మీదేనని, మీ పోషణ బాధ్యత తీసుకునేవారిదని. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆ పత్రాన్ని రద్దు చేయించుకోవచ్చు. దరఖాస్తు ఆర్డీవో ట్రిబ్యునల్‌కు పెట్టుకోవాలి. పోషణ షరతు పత్రంలో ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో పెద్దవాళ్ల పక్షాన కాస్త ఉదారంగా చూసింది. కానీ లేఖరి అలవాటుగా రాసే "ప్రేమాభిమానములచేత" అన్న మాటను నమ్ముకుని కూర్చోవద్దు.

ఇదంతా స్వార్జితానికి. పిత్రార్జితంలో వీలునామాతో మీ వాటా వరకే రాయగలరు, కూతుళ్లకూ అందులో కొడుకులతో సమాన హక్కుంది. ముస్లింలకు లెక్క వేరు: వీలునామాతో మూడో వంతుకు మించి ఇవ్వాలంటే వారసులు ఒప్పుకోవాలి.

బాబాయి మిగిలిన ఎకరంన్నరకు వీలునామా రాశాడు. బీరువాలో పిన్ని పట్టుచీరల కింద పెట్టాడు. జిల్లా రిజిస్ట్రారు దగ్గర సీలు వేసిన కవరులో దాచుకునే సదుపాయం ఉందని చెప్పాను. "ముందు ఆ బీరువా తాళం ఎక్కడ పెట్టిందో మీ పిన్నిని అడగాలి" అన్నాడు.