ఫెడరల్ నేల మీద కౌంటీ మాట నెగ్గాలంటే ఏది మేలు: కోర్టా, సొంత ప్రణాళికా, సహకార హోదానా?

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో దాదాపు 80 శాతం నేల ఫెడరల్, అంటే కేంద్ర, ప్రభుత్వానిది. యూటాలో అది 60 శాతం దాటుతుంది. ఆ నేల మీద కౌంటీ, అంటే జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం, ఆస్తి పన్ను వేయజాలదు. అయినా దాని గుండా పోయే కౌంటీ రోడ్లను బాగు చేయడం, కొండల్లో దారి తప్పినవారిని షెరీఫ్ మనుషులతో వెతికించడం కౌంటీ భుజం మీదే పడతాయి. పన్నుకు బదులుగా 1976 నాటి చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం ఏటా కొంత సొమ్ము ఇస్తుంది. కానీ ఆ నేలలో పశువులు ఎక్కడ మేయాలి, ఏ బాట మూయాలి అన్న నిర్ణయాల్లో కౌంటీ మాట చెల్లడం వేరే సంగతి.

మొదటి దారి ఎదిరింపు. 1994 జూలై 4న నెవాడాలోని నై కౌంటీలో డిక్ కార్వర్ అనే కమిషనర్ (కౌంటీ పాలకమండలి సభ్యుడు) టొయాబే జాతీయ అడవిలో మూసుకుపోయిన ఒక బాటను తెరవడానికి తానే బుల్‌డోజర్ ఎక్కాడు. జాతీయ అడవులను చూసే ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగి ఎదురుగా నిలబడినా ఆగలేదు. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టి ఉండవచ్చు గాని, 1996లో ఫెడరల్ కోర్టు ఆ నేల అమెరికా ప్రభుత్వానిదేనని తేల్చింది. అంతకు 20 ఏళ్ల ముందే, 1976లో, క్లెపీ కేసులో సుప్రీంకోర్టు ఈ నేలల మీద కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) అధికారాన్ని చాలా విస్తృతంగా నిర్వచించి ఉంది. యూటా రాష్ట్రం 1.85 కోట్ల ఎకరాల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్తే, 2025 జనవరిలో కోర్టు ఆ వ్యాజ్యాన్ని చేపట్టడానికే నిరాకరించింది. కనుక నేల యాజమాన్య హక్కు కోసం పోరాడే కౌంటీ తన ప్రజల సొమ్మును వృథా చేస్తున్నదనే నా నిశ్చితాభిప్రాయం. 1866 చట్టం కింద ఏర్పడిన పాత బాటల హక్కు మాత్రం వేరు. దానికి కోర్టే సరైన చోటు, అయితే ఒక్కో బాటకూ విడిగా సాక్ష్యం చూపాలి.

రెండో దారి, కౌంటీ తన ప్రణాళికను తానే రాసుకోవడం. 1976 నాటి ఫెడరల్ భూ విధాన చట్టం ప్రకారం ఫెడరల్ నేలలను చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ తన ప్రణాళికలను, ఫెడరల్ చట్టాలకు భంగం లేనంత మేరకు, స్థానిక ప్రణాళికలతో పొందికగా ఉంచాలి. ఈ నియమానికి ప్రాణం కౌంటీ రాసిన కాగితమే. అది లేకపోతే దేనితో పొందిక కుదరాలి? రాసింది గట్టిగా ఉండాలి. ‘పశుపోషణ మా సంస్కృతి’ అని రాస్తే అధికారి చదివి పక్కన పెడతాడు. ఫలానా బాట మంచు కరిగే వారాల్లో ఎన్ని రోజులు బురదవుతుంది, దాన్ని మూసేస్తే స్కూలు బస్సు ఎన్ని మైళ్లు చుట్టి రావాలి, ఎన్ని కుటుంబాలు ఆ మేత అనుమతి మీద బతుకుతున్నాయి అని లెక్కతో రాస్తే జవాబు చెప్పక తప్పదు. అయితే ఫారెస్ట్ సర్వీస్ దగ్గర ఈ దారి బలహీనం: దాని 2012 నియమం కౌంటీ ప్రణాళికలను పరిశీలించమంటుందే గాని, వాటికి తలొగ్గమనదు.

మూడోది సహకార సంస్థ హోదా. జాతీయ పర్యావరణ విధాన చట్టం కింద ఫెడరల్ నిర్ణయం పర్యావరణం మీద చూపే ప్రభావంపై నివేదిక తయారయ్యేటప్పుడు అధికార పరిధి గాని ప్రత్యేక పరిజ్ఞానం గాని ఉన్న స్థానిక సంస్థ లోపల కూర్చోవచ్చు. భూ ప్రణాళికల విషయంలో అర్హత ఉన్న స్థానిక ప్రభుత్వాలను ఆహ్వానించడం బ్యూరోకు 2005 నుంచి తప్పనిసరి. ముసాయిదా జనం ముందుకు రాకముందే కౌంటీ చూస్తుంది, ప్రత్యామ్నాయాలను అచ్చుకాకముందే దిద్దించగలదు. అచ్చయిన తర్వాత అభ్యంతరం చెప్పడానికీ, ముందే ఒక వాక్యం మార్పించడానికీ ఎంతో తేడా ఉంది. తుది నిర్ణయం మాత్రం ఫెడరల్ అధికారిదే. ముసాయిదాను గుట్టుగా ఉంచాలి, ప్రతి సమావేశానికీ చదివి వెళ్లే మనిషి కావాలి. పర్యావరణ విధాన చట్టానికి 2023లో వచ్చిన సవరణ పూర్తి నివేదికకు 2 ఏళ్ల గడువు పెట్టింది గనుక ఆలస్యంగా చేరితే చేరనట్టే.

నా తీర్పు: రెండో దారిని పునాదిగా వేసుకుని మూడోదాన్ని ఎంచుకోవాలి. సొంత ప్రణాళిక లేకుండా బల్ల దగ్గర కూర్చున్న కౌంటీకి చెప్పడానికి మాటలుంటాయి గాని చూపడానికి కాగితం ఉండదు. హోదా తీసుకున్నంత మాత్రాన తర్వాత కోర్టుకు వెళ్లే హక్కు పోదు.

ఒప్పందం ఎంత దూరం తీసుకుపోగలదో లాస్ వేగాస్ నగరం ఉన్న క్లార్క్ కౌంటీ చూపింది. 1998 చట్టం కింద లాస్ వేగాస్ లోయలో అమ్మవలసిన ఫెడరల్ నేలను బ్యూరో, స్థానిక ప్రభుత్వాలు కలిసి ఎంపిక చేస్తాయి. వచ్చిన సొమ్ములో 5 శాతం రాష్ట్ర విద్యకు, 10 శాతం స్థానిక నీటి సంస్థకు, 85 శాతం ప్రత్యేక ఖాతాకు చేరుతుంది. దానికి కాంగ్రెస్ చట్టం కావాలి, పెద్ద నగరపు బలం కావాలి. ముగ్గురు కమిషనర్లూ ఒక గుమాస్తా ఉన్న చిన్న కౌంటీకి అది అందదు. అలాంటి చోట ఇరుగుపొరుగు కౌంటీలు కలిసి ఒక ప్రణాళికా నిపుణుణ్ణి పెట్టుకోవడం మేలు. వయోమింగ్‌లో నేల, నీటి సంరక్షణ జిల్లాలు కూడా సహకార సంస్థలుగా కూర్చుంటున్నాయి. పచ్చిక, నీటి సంగతులు తెలిసినవారు అక్కడే ఉంటారు.