పిల్లల కంప్యూటర్‌కు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఎంతవరకు పనికొస్తుంది?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక దుకాణంలో మా అబ్బాయి చదువు కోసం కొన్న విండోస్ 11 కంప్యూటర్‌ను ఒకే ఖాతాతో, అదీ అడ్మినిస్ట్రేటర్ హోదాతో సిద్ధం చేసి ఇచ్చారు. అలా వదిలేస్తే ఏ నియంత్రణ పెట్టినా పిల్లవాడే తీసివేయగలడు. కాబట్టి ముందు పెద్దల ఖాతాను పాస్‌వర్డ్‌తో వేరు చేసి, పిల్లవాడికి పరిమిత హక్కులుండే స్టాండర్డ్ ఖాతా ఇచ్చి, ఆ తరువాతే పిల్లల కంప్యూటర్ వాడకాన్ని పెద్దలు అదుపు చేసేందుకు ఉచితంగా దొరికే ఫ్యామిలీ సేఫ్టీని అమర్చాను.

వయోపరిమితి పెట్టడం తేలిక. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఆ పరిమితికి మించిన ఆటను ఎంచుకుంటే పెద్దల అనుమతి అవసరమవుతుంది. ఒక్కో యాప్‌కు సమయం కూడా నిర్ణయించవచ్చు.

స్టోర్ వెలుపలి సంగతి వేరు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోకి వెళ్లే సాఫ్ట్‌వేర్ పెద్దల పాస్‌వర్డ్ అడుగుతుంది గానీ, మాటామంతీకి వాడే డిస్కార్డ్ వంటి యాప్‌లు వినియోగదారుడి సొంత యాప్‌డేటా ఫోల్డర్‌లోనే దిగుతాయి కనుక, స్టాండర్డ్ ఖాతాలో సైతం ఏమీ అడగకుండానే ఇన్‌స్టాల్ అవుతాయి. పెద్దలు ఎక్కువగా ఏమరుపాటుకు లోనయ్యేది ఇక్కడే. ఈ సందు మూయాలంటే సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగంలో, యాప్‌లను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో అడిగే చోట స్టోర్ ఒక్కదాన్నే ఎంచుకోవాలి. అయితే అది కంప్యూటర్ మొత్తానికీ వర్తిస్తుంది. అదే యంత్రంలో మనం ఖాతాల లెక్కలు చూసే టాలీ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నా ముందు ఆ అమరికను సడలించక తప్పదు.

వెబ్‌సైట్ల వడపోత మైక్రోసాఫ్ట్ సొంత ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ఈ వడపోత ఆన్‌లో ఉంటే క్రోమ్ వంటి ఇతర బ్రౌజర్లు ఆగిపోతాయి. పిల్లవాడు సణిగినా, నాకు మాత్రం అది లోపంగా తోచలేదు.