బ్రౌజర్ నోటిఫికేషన్ ప్రకటనలు: ఒక్కో సైటును ఆపాలా, అడిగే దారినే మూసేయాలా?

ఫోన్ తెర పైభాగాన "మీ ఫోన్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని, కంప్యూటర్ తెర కుడివైపు కింది మూలన "మీ యాంటీవైరస్ గడువు ముగిసింది" అని, మధ్యమధ్యలో లాటరీలు, తక్షణ అప్పులు, అసభ్యమైన బొమ్మలు వరుసగా వస్తుంటే ఎవరైనా మొదట అనుకునేది పరికరానికి వైరస్ పట్టిందనే. వయసు మళ్లినవారైతే ఫోన్ ముట్టుకోవడానికే భయపడతారు. చాలా సందర్భాల్లో అక్కడ వైరస్ ఏమీ ఉండదు. ఎప్పుడో ఒక వెబ్‌సైటు నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడిగింది, ఫోన్ వాడుతున్నవారు "అలౌ" నొక్కారు, ఆ అనుమతి ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి తేల్చుకోవలసింది ఆ అనుమతిని ఎక్కడ వెనక్కి తీసుకోవాలన్నదే. దానికి దారులు నాలుగైదు ఉన్నాయి, అన్నీ ఒకేలా పనిచేయవు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎక్కువమందికి మేలైనది, కొత్తగా ఏ సైటూ అనుమతి అడగకుండా బ్రౌజర్‌లోనే ఆపి, ఇప్పటికే అనుమతి పొందిన సైట్ల జాబితాను ఖాళీ చేయడం. ఈ రెండూ కలిసి జరగాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఫలితం సగమే.

సైట్లు ఇలా నోటిఫికేషన్లు పంపే ఏర్పాటు క్రోమ్‌లోకి 2015 ఏప్రిల్‌లో 42వ వెర్షన్‌తోనూ, ఫైర్‌ఫాక్స్‌లోకి 2016 జనవరిలో 44వ వెర్షన్‌తోనూ వచ్చింది. అనుమతి ఇచ్చిన సైటు ఒక చిన్న ప్రోగ్రామును బ్రౌజర్‌లో నమోదు చేసి ఉంచుతుంది. సైటు పంపిన సందేశం ముందుగా బ్రౌజర్ సంస్థ నడిపే సర్వర్‌కు చేరుతుంది, అక్కడి నుంచి మీ బ్రౌజర్‌కు వస్తుంది, అప్పుడు ఆ చిన్న ప్రోగ్రాము మేలుకుని నోటిఫికేషన్‌ను చూపిస్తుంది. అందువల్లనే ట్యాబ్ మూసేసినా, ఆ సైటును మళ్లీ ఎన్నడూ తెరవకపోయినా ప్రకటనలు వస్తూనే ఉంటాయి. యాంటీవైరస్‌తో వెతికినా ఏమీ దొరకదు, ఎందుకంటే అక్కడ దొరకడానికి చెడ్డ ఫైలు లేదు, ఉన్నది మనమిచ్చిన అనుమతి మాత్రమే.

ఆ అనుమతిని రాబట్టే తీరు తెలిసి ఉండాలి. కొత్త సినిమాలు ఉచితంగా చూపిస్తామనే సైట్లు, క్రికెట్ ప్రత్యక్ష ప్రసారమని చెప్పుకొనే సైట్లు, పరీక్షా ఫలితాల రోజున అధికారిక సైటు తెరుచుకోక జనం గూగుల్‌లో వెతికేటప్పుడు ఎదురయ్యే నకిలీ పేజీలు ఇందుకు అనువైన చోట్లు. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి", "వీడియో మొదలు కావాలంటే అలౌ నొక్కండి" అని బాణం గుర్తు వేసి మరీ చూపిస్తారు. రోబో కాదని తేల్చే నిజమైన పరీక్షకు నోటిఫికేషన్ అనుమతితో ఏ పనీ లేదు. ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచితే సమస్యలో పెద్ద భాగం మొదలు కాకముందే ఆగుతుంది.

ఏ దారి ఎంచుకున్నా ముందు వచ్చిన నోటిఫికేషన్‌ను నొక్కకుండా నిదానంగా చూడాలి. పైన పేరున్న యాంటీవైరస్ గుర్తు, ఎర్రటి హెచ్చరిక బొమ్మ ఉండవచ్చు, వాటిని పంపినవారు తమకు నచ్చినట్టు పెట్టుకోగలరు. చిన్న అక్షరాలతో కనిపించే బ్రౌజర్ పేరు, దాని పక్కనో కిందనో ఉండే సైటు చిరునామా మాత్రం బ్రౌజర్ స్వయంగా వేసేవి, వాటిని సైటు మార్చలేదు. అక్కడ క్రోమ్ వంటి బ్రౌజర్ పేరూ, అర్థంపర్థం లేని అక్షరాల చిరునామా కనిపిస్తే ఇది మనం మాట్లాడుకుంటున్న సమస్యే. బ్రౌజర్ కాని వేరే యాప్ పేరు కనిపిస్తే తప్పు ఆ యాప్‌ది, దాన్ని తీసేయాలి. ఐఫోన్ సంగతి వేరు: 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) 16.4 వెర్షన్ నుంచి, అదీ హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న సైట్లు మాత్రమే నోటిఫికేషన్లు పంపగలవు. ఐఫోన్‌లో వైరస్ హెచ్చరికలు క్యాలెండర్ పేరుతో వస్తుంటే, తెలియకుండా చేరిన క్యాలెండర్ సబ్‌స్క్రిప్షన్‌ను తొలగించుకోవాలి.

ఒక్కో సైటును ఆపడం

ఇది అందరికీ ముందుగా తోచే దారి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నోటిఫికేషన్‌పై వేలును కాసేపు నొక్కి ఉంచితే ఆ సైటు పేరు, పక్కన ఒక స్విచ్ కనిపిస్తాయి, దాన్ని ఆపేస్తే చాలు. ఆండ్రాయిడ్ 8 నుంచి క్రోమ్‌లో ఒక్కో సైటుకు వేర్వేరు స్విచ్ ఉంటుంది. ఇటీవలి క్రోమ్‌లో నోటిఫికేషన్ కిందనే "అన్‌సబ్‌స్క్రైబ్" అనే మీట కూడా వస్తోంది. కంప్యూటర్‌లో అయితే క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. ఒక్కో పేరు పక్కనున్న మూడు చుక్కలను నొక్కితే "బ్లాక్", "రిమూవ్" అనే మాటలు కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య తేడాను చాలామంది పట్టించుకోరు. రిమూవ్ చేస్తే ఆ సైటు జాబితాలోంచి పోతుంది కానీ, మళ్లీ ఆ పేజీకి వెళ్తే మళ్లీ అడగగలదు. బ్లాక్ చేస్తే ఇక అడగడం కుదరదు. అనుమానం ఉన్న సైటుకు బ్లాకే సరైనది.

ఈ దారిలో మంచి ఏమిటంటే, కావలసిన సైట్ల నోటిఫికేషన్లు చెక్కుచెదరవు. లోపం కూడా పెద్దదే. అనుమతి ఒక్కో చిరునామాకు విడివిడిగా ఉంటుంది కాబట్టి, మోసపు సైట్లు కొత్త కొత్త చిరునామాలతో వస్తూనే ఉంటాయి, ఒకదాన్ని బ్లాక్ చేస్తే ఇంకొకటి అడుగుతుంది. అడిగే దారి తెరిచి ఉంచి సైట్లను ఒక్కొక్కటిగా బ్లాక్ చేయడం, కిటికీ తీసిపెట్టి దోమలను తోలడం లాంటిది.

అడగడాన్నే ఆపడం

పైన చెప్పిన నోటిఫికేషన్స్ పేజీలోనే సైట్లు నోటిఫికేషన్లు పంపడానికి వీల్లేదని ఎంచుకునే వీలుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్స్ స్విచ్‌ను ఆపేయాలి. ఫైర్‌ఫాక్స్‌ను కంప్యూటర్‌లో వాడేవారు సెట్టింగ్స్‌లోని ప్రైవసీ విభాగంలో, నోటిఫికేషన్లకు సంబంధించిన పెట్టెను తెరిచి, కొత్త అభ్యర్థనలను నిరోధించే గడిలో టిక్ పెట్టాలి. ఆ తర్వాత ఏ సైటుకూ అడగడం కుదరదు, ఎంత బాణం గుర్తు చూపించినా నొక్కడానికి అలౌ మీటే కనిపించదు.

అయితే చాలామంది తడబడేది ఇక్కడే. ఈ స్విచ్ రేపటి నుంచి వచ్చే అభ్యర్థనలకే వర్తిస్తుంది, నిన్నటి వరకు ఇచ్చిన అనుమతులు జాబితాలో అలాగే ఉంటాయి. "అంతా ఆపేశాను, అయినా వస్తున్నాయి" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. అందుకే జాబితాను కూడా తెరిచి ఖాళీ చేయాలని మొదట్లోనే చెప్పాను. ఫైర్‌ఫాక్స్‌లో అన్ని సైట్లను ఒకేసారి తొలగించే మీట ఉంది, క్రోమ్‌లో పేర్లను చూసుకుంటూ పోవాలి.

దీనివల్ల పనికొచ్చేవి పోతాయేమోనన్న సందేహం సహజం. మొజిల్లా సంస్థ 2019లో తన ఫైర్‌ఫాక్స్ వాడకాన్ని పరిశీలించి, నోటిఫికేషన్ అనుమతి కోసం వచ్చే అభ్యర్థనల్లో నూటికి 99 అంగీకారం పొందడం లేదని ప్రకటించింది. అంటే దాదాపు ఎవరికీ అక్కరలేని ప్రశ్ననే బ్రౌజర్ రోజంతా అడుగుతోందన్నమాట. ఆ తర్వాతే 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 72, పేజీలో మనం ఏదో ఒకటి నొక్కితే తప్ప ఆ ప్రశ్నను ముందుకు తేకుండా కట్టడి చేసింది. క్రోమ్ కూడా 2020 ఫిబ్రవరిలో 80వ వెర్షన్‌తో, ప్రశ్నను పెద్ద పెట్టెగా కాకుండా చిన్న గంట గుర్తుగా చూపే ఏర్పాటు తెచ్చింది. ఆ ఏర్పాటు మెరుగే కానీ, పేజీలోని మోసపు మాటలు ఆ గంటనే నొక్కమని చెప్పగలవు. కావలసిన సైటు ఒకటి ఉంటే, దాన్ని తెరిచి చిరునామా పక్కనున్న గుర్తును నొక్కి దానికి మాత్రం అనుమతి ఇవ్వవచ్చు, మొత్తంగా ఆపడం దానికి అడ్డురాదు.

ఇతర మార్గాలు

ఫోన్ సెట్టింగ్స్‌లో క్రోమ్ యాప్ నోటిఫికేషన్లన్నిటినీ ఆపేయడం, విండోస్ సెట్టింగ్స్‌లో క్రోమ్ స్విచ్‌ను ఆపేయడం అన్నిటికంటే వేగంగా శబ్దాన్ని అణిచే మార్గాలు. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంటే ముందు ఇదే చేయండి. కానీ డౌన్‌లోడ్ పూర్తయిందని చెప్పే సూచన వంటివి కూడా పోతాయి, పైగా అనుమతులు లోపల భద్రంగా ఉంటాయి కాబట్టి స్విచ్‌ను మళ్లీ వేసిన రోజున ప్రకటనలన్నీ తిరిగి వస్తాయి.

హిస్టరీ తుడిచేయడాన్ని పరిష్కారంగా చెప్పేవారున్నారు. హిస్టరీ మాత్రమే తుడిస్తే అనుమతులు పోవు, తుడిచేటప్పుడు సైట్ సెట్టింగ్స్ గడిలో కూడా టిక్ పెడితేనే పోతాయి, అప్పుడు కెమెరా, లొకేషన్ వంటి ఇతర అనుమతులూ పోతాయి. యాడ్‌బ్లాకర్ పేజీలోని ప్రకటనలను ఆపుతుంది, అనుమతి అడిగే స్క్రిప్టులను కొంతవరకు అడ్డుకుంటుంది, కానీ ఇప్పటికే ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం దానివల్ల కాదు. ఇక "ఫోన్ క్లీనర్" యాప్‌లను ఈ పనికి వేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఈ బెదిరింపు నోటిఫికేషన్లలో చాలా వరకు జనాన్ని తరిమేది అటువంటి యాప్‌ల వైపే, బ్రౌజర్‌లో ఒక స్విచ్‌తో అయ్యే పనికి కొత్త యాప్‌కు మన ఫైళ్లను అప్పగించడం అనవసరం. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించుకోవడం, అందుకు దుకాణంలో డబ్బు ఇవ్వడం కూడా ఈ సమస్యకు అక్కరలేదు.

బ్రౌజరే చూసుకుంటుందని ఊరుకోవడం మరొక ఎంపిక. 2025 అక్టోబరులో గూగుల్, మనం పెద్దగా పట్టించుకోకపోయినా విపరీతంగా సందేశాలు పంపే సైట్ల అనుమతిని క్రోమ్ తనంతట తానే రద్దు చేస్తుందని ప్రకటించింది. ఇది మంచి మార్పు. కానీ బ్రౌజర్ ఆ నిర్ణయానికి వచ్చేలోగా బెదిరిపోయి ఒక్కసారి నొక్కడానికి పెద్దవారికి ఒక్క సాయంత్రం చాలు.

అలా నొక్కి, డబ్బు చెల్లించడమో, ఎవరో చెప్పిన స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోవడమో జరిగి ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. ముందు ఇంటర్నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ, జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కీ వెంటనే ఫోన్ చేయాలి.

ఎవరికి ఏది అన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. అమ్మానాన్నల ఫోన్లకు, పిల్లలు వాడే ఫోన్లకు అడగడాన్ని పూర్తిగా ఆపి, జాబితాను మొత్తం ఖాళీ చేయడమే మేలు, వారికి వాట్సాప్, బ్యాంకు వంటి యాప్‌ల నోటిఫికేషన్లు ఎలాగూ విడిగా వస్తాయి. ఆఫీసు పనిని బ్రౌజర్‌లోనే చేసేవారు జాబితాలో మెయిల్, క్యాలెండర్, ఆఫీసు చాట్ మాత్రం ఉంచుకుని, మిగిలినవి బ్లాక్ చేసి, ఆపై అడగడాన్ని ఆపాలి. ఒకే కంప్యూటర్‌ను ఇంటిల్లిపాదీ వాడుతుంటే ఒక్కో బ్రౌజర్‌కూ, అందులోని ఒక్కో ప్రొఫైల్‌కూ జాబితా వేరుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. క్రోమ్‌లో మీ ప్రొఫైల్ శుభ్రమైనా ఎడ్జ్ బ్రౌజర్‌లోనో, పిల్లల ప్రొఫైల్‌లోనో అనుమతి మిగిలి ఉంటే అదే తెర మూలన అదే హెచ్చరిక వస్తుంది, కనుక ఆ పని ప్రతి చోటా విడిగా చేయాలి.