మెగ్నీషియం రిబ్బను పేరుతో అల్యూమినియం అంటగడుతున్నారు, జాగ్రత్త!

స్కూలు ల్యాబుకు ఆన్‌లైన్లో సరుకు తెప్పించేవాళ్లు చూసుకోండి. 25 గ్రాముల చుట్ట, పైన మెగ్నీషియం రిబ్బను అని చీటీ. లోపల ఉన్నది అల్యూమినియం పట్టీ. ఒళ్లు మండిపోతోంది.

పట్టకారుతో పట్టుకుని బర్నర్ మంటలో పెడితే అంటుకోనే లేదు. కొస మెత్తబడి, కిందికి వేలాడి, చిన్న గుండులా ముడుచుకుపోయింది. మెగ్నీషియం అయితే కాసేపటికే కళ్లు చెదిరేలా తెల్లగా మండి తెల్లటి బూడిద రాలుస్తుంది. ఆ బూడిద మీద నీటి చుక్క వేస్తే సన్నగా అమ్మోనియా వాసన కూడా వస్తుంది, ఎందుకంటే గాలిలోని నైట్రోజన్‌తోనూ కొంత కలుస్తుంది. ఈ మాటే ఫోన్‌లో అడిగితే అమ్మినవాడు ఏమన్నాడో తెలుసా? "మీకు కాల్చడం రాలేదేమో సార్, తళతళా మెరుస్తోంది కదా, ఇంకేం కావాలి?" అని పెట్టేశాడు. పిల్లలకు పాఠం చెప్పే సరుకులో కల్తీ చేసి, పైగా ఆ మాటా! మెరుపు చూసి నమ్మడమే పొరపాటు. నిల్వ ఉన్న మెగ్నీషియం మీద బూడిదరంగు పొర పడుతుంది, అందుకే కాల్చే ముందు గరుకు కాగితంతో రుద్దుతాం.

చుట్ట రాగానే తూచకపోవడం నా తప్పే. మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, అల్యూమినియం 2.70. 3 మి.మీ. వెడల్పు, 0.2 మి.మీ. మందం ఉన్న మీటరు ముక్క గ్రాముకు కాస్త పైన తూగాలి. ఇది 1.6 గ్రాములు తూగింది. 24 మీటర్లు రావలసిన చుట్టలో 15 మీటర్లే ఉంది.

ఆమ్లంలో వేసి బుడగలు వచ్చాయని సరిపెట్టుకోకండి, రెండూ హైడ్రోజనే ఇస్తాయి. తేడా ఏమిటంటే, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మెగ్నీషియం వేసీ వేయగానే బుసబుసమంటుంది. అల్యూమినియం పైపొర కరిగేదాకా ఊరుకుని, తర్వాత అందుకుంటుంది. కొలవాలనుకుంటే 0.1 గ్రాము మెగ్నీషియానికి సుమారు 100 మి.లీ. వాయువు, అల్యూమినియానికి 135 దాకా.

అన్నిటికంటే తేలికైనది కాస్టిక్ సోడా పరీక్ష. గోరువెచ్చటి 10 శాతం ద్రావణంలో చిన్న ముక్క వేయండి. అల్యూమినియం పొంగుతుంది, మెగ్నీషియం ఉలకదు పలకదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చన్నీళ్లతో చూడాలంటే ఓపిక కావాలి: రుద్దిన మెగ్నీషియం ముక్కకు కాసేపటికి సన్నటి బుడగలు అంటుకుంటాయి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ముక్క చుట్టూ లేత గులాబీ రంగు తేలుతుంది.

డబ్బు కట్టే ముందే మీటరు బరువు ఎంతో అడగండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

అసలు సరుకు దొరికినవాళ్లకు ఒక్క మాట. మండుతున్న మెగ్నీషియం మీద నీళ్లు పోయకండి, హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ వద్దు, ఆ వాయువులోనూ అది మండి నల్లటి కార్బన్ మిగులుస్తుంది. పక్కన పొడి ఇసుక బకెట్ పెట్టుకోండి.