ఆరేళ్లు నడిపాక: నా ట్రాక్ కారు, అది మింగిన డబ్బు

రేస్ ట్రాక్ మీద తిప్పడానికి పాత మాజ్డా ఎమ్‌ఎక్స్-5 స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు నా లెక్క చాలా సులువు. 1989లో మొదలైన మొదటి తరం మోడల్, 1.6 లీటర్ ఇంజిన్, టన్ను లోపు బరువు. సీట్లు, కార్పెట్లు పీకేసి, రోల్ కేజ్ (కారు బోల్తా పడినా లోపలి మనిషిని కాపాడే గొట్టాల చట్రం) వేయించి, మంచి టైర్లు ఎక్కిస్తే అయిపోతుందనుకున్నాను. ఆరేళ్లయింది. కారు కొన్న ధరకు ఐదు రెట్ల పైనే దాని మీద పెట్టాను.

రోల్ కేజ్ అంటే నాలుగు గొట్టాలు వంచి అతికించడమే కదా అనిపిస్తుంది. గొట్టాల ఖర్చు నిజంగానే తక్కువ. డబ్బంతా పని గంటలకు పోతుంది. డాష్‌బోర్డు ఊడదీయాలి, వైరింగ్ పక్కకు జరపాలి, ప్రతి గొట్టం చివరను పక్క గొట్టం గుండ్రానికి సరిపోయేలా కోయాలి, అతుకు చుట్టూ వెల్డింగ్ పూర్తిగా తిరగాలి. నా మొదటి వెల్డర్ చెయ్యి దూరని చోట సగంలో వదిలేశాడు. ట్రాక్ వాళ్ల తనిఖీలో దొరికిపోయింది, మళ్లీ మొదటికొచ్చాం.

కేజ్ అయ్యాక తెలిసింది, అసలు ఖర్చు దాని వెనక ఉందని. హెల్మెట్ లేని తల ఆ గొట్టానికి తగిలితే చిన్న గుద్దుకే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి కారును ఇక రోడ్డు మీద నడపలేను. అంటే ట్రైలర్ కావాలి. దాన్ని లాగే పెద్ద బండి కావాలి. రెండింటికీ చోటు కావాలి. నా మొదటి లెక్కలో ఈ మూడూ లేవు!

ఇంజిన్ పోవడం మాత్రం పూర్తిగా నా తప్పే. సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువ, పట్టు ఎక్కువ) వేసిన సరదాలో ఆయిల్ సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, బాఫిల్స్ అనే అడ్డు రేకులు పెట్టించలేదు. టైర్ల పట్టు పెరిగితే మలుపులో వేగం పెరుగుతుంది, సంప్‌లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది, పంపు గాలి పీలుస్తుంది. పొడవాటి మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు వాలడం కళ్లారా చూశాను. సెన్సర్ పాడైందేమోలే అనుకున్నాను. రెండు ల్యాపుల్లో బేరింగులు పోయాయి. బాఫిల్స్ పని ఇంజిన్ రీబిల్డ్ ఖర్చులో పదో వంతు కూడా కాదు.

కట్టడం ఒకసారితో ముగుస్తుంది, నడపడం అలా కాదు. టైరులో గాడి ఇంకా మిగిలే ఉంటుంది, కానీ పదేపదే వేడెక్కి చల్లారి రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. మామూలు డాట్ 4 బ్రేక్ ఆయిల్ మరిగే స్థాయి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు. రేసింగ్ రకాలు 300 దాటుతాయి. కానీ ఏదైనా తేమ పీల్చుకునేదే, పీల్చిన కొద్దీ తక్కువ వేడికే మరిగిపోతుంది, అందుకే తరచూ మారుస్తాను. ఒకసారి బద్ధకించాను, గట్టి బ్రేక్ వేసే చోట పెడల్ నేల దాకా దిగిపోయింది. ఇక నా సీటు బెల్టుల మీద ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సమాఖ్య) లేబుల్, దాని మీద గడువు సంవత్సరం ఉంటాయి. ఒక్కరోజే వాడినా ఆ సంవత్సరం దాటితే తనిఖీలో ఒప్పుకోరు.

పెట్టిన వాటిలో బాధ లేనివి సీటు, బ్రేక్ ప్యాడ్లు, శిక్షణ. శుద్ధ దండగ కార్బన్ బానెట్. ఒక్క ల్యాపులోనూ తేడా తెలియలేదు, ఫొటోల్లో మాత్రం బాగుంది.

ఇప్పుడైతే ఇంకొకరు కట్టించి అమ్ముతున్న కారే కొంటాను, ఎందుకంటే పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రాదు. నాదీ బేరానికి పెట్టి చూశాను, మూడో వంతు కూడా పలకలేదు. అమ్మలేదు. వచ్చే సీజన్‌కు బెల్టుల గడువు తీరిపోతోంది, కొత్తవి ఆర్డర్ పెట్టాను.