జపాన్ తకోయాకి మెషిన్ కొంటున్నారా? ముందు అడుగున ఎన్ని వోల్టులో చూడండి

తకోయాకి (ఆక్టోపస్ ముక్క వేసి చేసే జపాన్ పిండి బంతులు) ఇంట్లో చేసుకుందామని ఆన్‌లైన్‌లో కరెంటు మెషిన్ వెతుకుతున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. మూడు వారాల కిందట మా ఇంట్లో జరిగింది ఇంకొకరి ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

మా మరిది వాళ్ళు ఒసాకాలో ఉంటారు. కిందటేడు పిల్లలతో వెళ్ళినప్పుడు దోతోన్‌బోరి అనే చోట రోడ్డు పక్కన నిలబడి తకోయాకి తిన్నాం. అంతకంటే పిల్లలకు నచ్చింది మా తోడికోడలు ఇంట్లో చేసిన విధానం. ఒసాకాలో చాలా ఇళ్ళల్లో ఈ మెషిన్ ఉంటుంది. దాన్ని బల్ల మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చుని, ఎవరివి వాళ్ళే తిప్పుకుంటూ తింటారు. ఇలా కలిసి చేసుకు తినడాన్ని తకోపా అంటారు. చూడటానికి మన గుంత పొంగనాల్లా ఉన్నా పిండి రవ్వ దోసె పిండి అంత పల్చన. గుంతలు నిండి పైకి పొర్లేలా పోసి, ఆక్టోపస్ ముక్క వేసి, పొర్లిన పిండిని పుల్లతో లోపలికి తోస్తూ కొద్దికొద్దిగా తిప్పితే బంతిలా అవుతుంది. మా పెద్దదానికి రెండో వాయికే చెయ్యి తిరిగింది.

హైదరాబాద్ వచ్చినప్పటి నుంచి ఇద్దరిదీ ఒకటే అడగడం. చివరికి 'జపాన్ నుంచి తెప్పించిన అసలైనది' అని పెట్టిన మెషిన్ రూ. 4,200కు, పిండి, సాస్, పైన చల్లుకునేవి కలిపిన కిట్ రూ. 1,150కు ఒకే అమ్మకందారు దగ్గర తీసుకున్నాను. కొనేముందు 'ఇది ఇండియాలో పనిచేస్తుందా?' అని అడిగాను. 'అడాప్టర్ ఉచితంగా ఇస్తాం, పనిచేస్తుంది' అని జవాబు వచ్చింది. అది నమ్మాను. ఒసాకాలో మా ఫోన్ ఛార్జర్లు అడాప్టర్‌తో చక్కగా పనిచేశాయి కాబట్టి అనుమానం కూడా రాలేదు.

ఆదివారం సాయంత్రం ఆక్టోపస్ బదులు రొయ్యలు శుభ్రం చేసి, పిండి కలిపి సిద్ధంగా పెట్టాను. ఎందుకైనా మంచిదని మైక్రోవేవ్ పెట్టే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే గుచ్చాను. నూనె రాసిన నిమిషంలోపే పొగ మొదలైంది. మామూలు నూనె పొగ కాదు, గొంతు పట్టేసే వాసన. పుల్లలు పట్టుకుని పిల్లలిద్దరూ దాని మీదికి వంగి ఉన్నారు. లోపల టప్‌మని శబ్దం, వైరు మొదట్లో మెరుపు. మా వారు పరుగున వెళ్ళి మెయిన్ ఆపేశారు. పిల్లలను బాల్కనీలోకి లాగి కిటికీలన్నీ తీశాను. తర్వాత చూస్తే ప్లగ్గు దగ్గర వైరు మెత్తబడి సాగిపోయింది, అడాప్టర్ ఒక పక్క కరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరిదికి ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి మాట, "వదినా, అడుగున 100 వోల్టులు అని ఉందా?" తిప్పి చూస్తే ఉంది. 100 వోల్టులు, 650 వాట్లు.

జపాన్‌లో ఇళ్ళకు వచ్చే కరెంటు 100 వోల్టులు, మనకు 230. వేడి చేసే కాయిల్ ఉన్న వస్తువుకు వోల్టులు 2.3 రెట్లు పెరిగితే వేడి 2.3 రెట్లతో ఆగదు, దాదాపు 5.3 రెట్లవుతుంది. అంటే 650 వాట్ల మెషిన్ 3,400 వాట్ల దాకా లాగుతుంది. ఆ సన్న వైరు గానీ, లోపలి భాగాలు గానీ అంత వేడికి చేసినవి కావు. 3,400 వాట్లంటే మన దగ్గర సుమారు 15 ఆంపియర్లు. అందుకే పెద్ద సాకెట్ మీద ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) కూడా పడలేదు. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, మేం పీల్చింది ఆ పొగే అయుండాలి.

ఇక అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టులను తగ్గించదు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటుంది కాబట్టే అవి ఎక్కడైనా నడుస్తాయి. మెషిన్ మీద 100 అని మాత్రమే ఉంటే వోల్టులను తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, అదీ మెషిన్ వాట్ల కంటే పెద్దది. 650 వాట్లకు కనీసం 1,000 వాట్లది కావాలి. అంత బరువు, ఖర్చు పెట్టుకోవడం కంటే 220-240 అని రాసి ఉన్నది కొనడమే నయం. కొనేముందు మెషిన్ అడుగున అతికించిన లేబుల్ ఫొటో పంపమని అడగండి. పంపకపోతే వదిలేయండి. తకోయాకి మెషినే కాదు, జపాన్ నుంచి తెప్పించే రైస్ కుక్కర్, కెటిల్, దేనికైనా ఇదే వర్తిస్తుంది.

కిట్ సంగతి కూడా చెప్పాలి, ముఖ్యంగా శాకాహారులకు. మా అత్తయ్య గుడ్డు తింటారు గానీ చేప, మాంసం ముట్టరు. పిండి ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క స్టిక్కర్ ఉందని ఆమెకు విడిగా మొక్కజొన్న, చీజ్ వేసి చేద్దామనుకున్నాను. మర్నాడు ఫోన్ కెమెరాతో జపనీస్ లేబుల్ అనువాదం చేసి చూస్తే అందులో కత్సువో పొడి ఉంది. కత్సువో అంటే చేప. దాన్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి తురిమితే వచ్చేదే తకోయాకి మీద వేడికి కదులుతూ కనిపించే ఆ పల్చటి పొరలు. తకోయాకి పిండికి రుచి ఇచ్చే దాషి అనే రసాన్ని సాధారణంగా దీంతోనే చేస్తారు. జపాన్ ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క పద్ధతే లేదు. అది ఇక్కడ ఎవరో అతికించినది. మెషిన్ కాలిపోవడం వల్ల ఆమె ఆ పిండి తినలేదు, అంతవరకు దేవుడి దయ. పైగా దిగుమతి చేసిన తిండి ప్యాకెట్ మీద ఇక్కడి దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు ఉండాలి. నాకొచ్చిన వాటి మీద ఏవీ లేవు.

శాకాహారులు దాషి ఇంట్లోనే చేసుకోవచ్చు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షియిటాకే పుట్టగొడుగులు రాత్రంతా చల్లటి నీళ్ళలో నానబెట్టి వడకడితే చాలు. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు, 350 మిల్లీలీటర్ల దాకా ఆ నీళ్ళు, కాస్త ఉప్పు, సోయా సాస్. కిందటి వారం దీన్ని ఇనప పొంగనాల పెనంలోనే వేశాను. గుంతలు లోతు తక్కువ కాబట్టి పూర్తి గుండ్రంగా రాలేదు గానీ రుచి బాగుంది, అత్తయ్య నాలుగు తిన్నారు.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. 'వాడిన వస్తువు వాపసు తీసుకోం' అని అమ్మకందారు, 'అతన్నే అడగండి' అని అమ్మకాల సైటు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. కాలిన వైరు, అడుగు లేబుల్, 'పనిచేస్తుంది' అన్న జవాబు స్క్రీన్‌షాట్, అన్నీ దాచాను. మీకూ ఇలా జరిగితే కోపంలో మెషిన్ పారేయకండి, ఆధారం అదే.

నిన్న మళ్ళీ చూశాను. ఆ మెషిన్ ఇంకా అమ్మకంలోనే ఉంది. వివరాల్లో వోల్టుల ముక్క ఇప్పటికీ లేదు.