వైజాగ్ ఉప్పుగాలిలో ఫ్రేమ్‌లెస్ వైపర్లు: రెండో వానాకాలం కబురు

పాత ఇనుప ఫ్రేమ్ వైపర్లు తీసేసి ఫ్రేమ్‌లెస్ బ్లేడ్లు వేశాక ఇది రెండో వానాకాలం. మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర, కారు ఆరుబయటే ఉంటుంది. ఇక్కడ వైపర్లు వానకంటే ముందు ఎండకీ ఉప్పుగాలికీ పోతాయి. ఫ్రేమ్ రకంలో రబ్బరు బాగానే ఉన్నా రివెట్లు తుప్పు పట్టి కీళ్లు బిగుసుకుపోయేవి. సరిగ్గా డ్రైవరు కళ్లెదురుగా ఓ వెడల్పాటి చార తుడవకుండా మిగిలేది. ఫ్రేమ్‌లెస్‌లో ఆ కీళ్లే లేవు, లోపలి స్ప్రింగు పట్టీ రబ్బరుని పొడుగునా అద్దానికి నొక్కి పెడుతుంది. డబ్బు ఎక్కువైనా నేను ఇటు మొగ్గింది అందుకే.

బిగించడానికి మెకానిక్ అక్కర్లేదు. బ్లేడుని పట్టుకునే ఇనుప కడ్డీని ఆర్మ్ అంటారు, మా కారుది చివర కొక్కెంలా వంగిన రకం. ఆర్మ్ పైకెత్తి, క్లిప్పు నొక్కి, బ్లేడుని ఆర్మ్ మొదలు వైపు లాగితే ఊడొస్తుంది. కొత్తది కొక్కెంలో కూర్చోబెట్టి ఎదురు వైపు లాగాలి, టక్కుమనాలి. ఆ చప్పుడు రాకపోతే మళ్లీ తీసి పెట్టండి. బ్లేడు తీశాక మిగిలేది ఒట్టి ఇనుప కొక్కెమే, చెయ్యి జారితే స్ప్రింగు విసురుకి అద్దం బీటలు వారుతుంది. అద్దం మీద తువ్వాలు మడతపెట్టి పరిచాను. మా బావమరిది నవ్వాడు, నవ్వనీ. కొన్ని కార్లలో ఆర్మ్ బోనెట్ అంచు కిందికి పోయి పైకి లేవదు, వాటికి సర్వీస్ పొజిషన్ (ఆర్మ్‌లు అద్దం మీదికి వచ్చి ఆగే స్థితి) ఎలా పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది. సైజు కూడా అందులోదే నమ్మండి. రెండు వైపులా ఒకటే అని షాపతను అన్నాడు గానీ మా కారుకి డ్రైవరు వైపుది పొడుగు.

వాడకంలో చప్పుడు తక్కువ, ఆనందపురం వైపు హైవే మీద వేగంగా వెళ్తున్నా బ్లేడు లేవలేదు. ఒకసారి మాత్రం గడగడలాడింది. వాటర్ వాష్‌లో అద్దానికి వ్యాక్స్ అంటుకుందట, షాంపూ నీళ్లతో కడిగాక పోయింది.

పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము అసలు పరీక్ష. పొద్దున్నే పొడి అద్దం మీద వైపరు ఆడిస్తే రబ్బరు అంచూ పోతుంది, అద్దం మీద గీతలూ పడతాయి. అందుకే ముందు నీళ్లు కొట్టాలి. వారానికోసారి తడిగుడ్డతో రబ్బరు తుడిస్తే గుడ్డ బొగ్గులా అవుతుంది.

నచ్చనిది ఒక్కటే. పాత రకానికి రబ్బరు ఒక్కటే మార్చుకుంటే సరిపోయేది. నేను కొన్న జతకి విడిగా రబ్బరు దొరకదు, బ్లేడే మార్చాలి. మొన్న ఎండాకాలం దాటాక ఎడమ వైపుది సన్నగీతలు వదులుతోంది. అక్టోబరు తుపాన్లు రాకముందే మళ్లీ ఇదే రకం వేయిస్తా.